కాకతి రుద్రమదేవి: ఒక వెండి నాణెం కోసం కూర్చిన జీవిత వివరాలు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రలో పేరుపొందిన ఒకరి జీవితం రాయవలసిందని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. నేను కాకతీయ సామ్రాజ్ఞి రుద్రమదేవిని ఎంచుకోవడానికి కారణం ఒక నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము గారు ఢిల్లీలో నందమూరి తారక రామారావు గారి శతజయంతి నాణెం విడుదల చేసినప్పటి నుండి మా కౌకూర్, బొల్లారం సభ్యులలో నాణేల ముచ్చట ఎక్కువైంది. ఆ నాణెం తయారైంది హైదరాబాదు టంకశాలలోనే. సైఫాబాదులో ఉండిన టంకశాల 1997లో చర్లపల్లికి తరలిందని పాతవారందరికీ తెలుసు. నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అది మన హైదరాబాదుదని పిల్లలకు చూపించండి, సంతోషిస్తారు.

ఆ నాణెంలో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలిన పది శాతంలో నికెలు, జింకు చెరిసగం. వ్యాసం 44 మిల్లీమీటర్లు. ముఖవిలువ 100 రూపాయలు, కాని కొనడానికి కట్టే సొమ్ము వేలల్లో ఉంటుంది. కూరలకు ఇచ్చే నాణెం కాదది, బీరువాలో దాచుకొనేది. తరువాత 2025 మే 31న భోపాల్‌లో రాణి అహల్యాబాయి హోల్కర్ 300వ జయంతికి 300 రూపాయల వెండి నాణెం విడుదలైంది. అంతకు ముందే 2015లో నాగా నాయకురాలు రాణి గైడిన్ల్యూ శతజయంతికి నాణేలు వచ్చాయి. ఇవన్నీ చూసి, మన రుద్రమదేవి పేర కూడా వెండి నాణెం వేయవలసిందిగా కేంద్ర ఆర్థిక శాఖకు ఒక వినతిపత్రం పంపుదామని కొందరు మిత్రులు పట్టుబట్టారు. చిత్తుప్రతి రాసే పని గుమాస్తాగిరీ చేసినవాణ్ణని నా మీదికి నెట్టారు.

నా సర్వీసులో ఎక్కువ కాలం పింఛను, కుటుంబ పింఛను ఫైళ్లతోనే గడిచింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మరణించిన తేదీ. ఈ ఐదూ సరిగ్గా ఉంటే ఫైలు నడుస్తుంది. ఒక్కటి తేడా వస్తే ఆ కుటుంబం నెలల తరబడి తిరగవలసిందే. రాణిగారికి కూడా ఆ పద్ధతిలోనే వివరాలు రాద్దామని కూర్చుంటే మొదటి గడిలోనే చిక్కు వచ్చింది. ఆమె పేరు ఏమని రాయాలి?

ఆమె బతికి ఉన్నప్పటి శాసనాలలో చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అనే ఉంటుంది. చదివేవాడికి మగవాడని అనిపిస్తుంది. దీనికి కారణం తండ్రి గణపతిదేవుడు. 1199 నుండి 1262 వరకు పాలించిన ఆ మహారాజు తెలుగు దేశాన్ని చాలావరకు ఒక ఛత్రం కిందికి తెచ్చినాడు. కాని ఆయనకు కొడుకులు లేరు. రుద్రమను శాస్త్రోక్తంగా కొడుకు స్థానంలో నిలబెట్టి, రుద్రదేవుడన్న పేరు ఇచ్చి వారసుణ్ణి చేసినాడు. మరో కుమార్తె గణపాంబను ధరణికోట పాలించే కోట వంశం బేతరాజుకు ఇచ్చాడు. భర్త పోయిన తరువాత ఆమె కూడా ఆ సీమను తానే పాలించింది. అంటే ఆ ఇంట ఇద్దరు ఆడబిడ్డలు రాజ్యాలు చేశారు. మనం ఒక్కరినే తలచుకుంటున్నాము.

రుద్రమదేవి భర్త నిడదవోలు చాళుక్య వంశీకుడు వీరభద్రుడు. ఆయన రాజ్యవ్యవహారాలలో పెద్దగా కనిపించడు. వారి కుమార్తెలలో ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. మనుమణ్ణే దత్తత తీసుకుని రుద్రమ వారసుడిగా పెంచింది. మరో కుమార్తె రుయ్యమ్మను మంత్రి ఇందులూరి అన్నయకు ఇచ్చింది. ఈ అల్లుడి పేరు గుర్తుంచుకోండి, చివర మళ్లీ వస్తాడు.

పుట్టిన తేదీ గడి ఖాళీగానే వదిలాను. ఆనాడు జనన ధ్రువపత్రాలు లేవు, రాజుల జాతకాలు రాళ్ల మీద చెక్కించే ఆచారమూ లేదు. నాణేలేమో ఎక్కువగా జయంతులకే వేస్తారు! అహల్యాబాయికి 300, గైడిన్ల్యూకు 100 అని లెక్క కట్టగలిగారు. మన రాణికి ఆ లెక్క కుదరదు.

ఇక ఉద్యోగంలో చేరిన తేదీ. అది కూడా ఒకటి కాదు. 1260 ప్రాంతం నుండే తండ్రితో కలిసి పాలనలో ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం ఇందుకు మంచి సాక్ష్యం. గణపతిదేవుని గురువు విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణానది ఒడ్డున మందడం, వెలగపూడి గ్రామాలు దానంగా ఇచ్చినట్లు అందులో ఉంది. వెలగపూడిని ఇచ్చింది రుద్రమదేవి. ఆ ఊళ్ల ఆదాయంతో మఠం, సంస్కృత విద్యాలయం, అన్నసత్రం మాత్రమే కాదు, ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా నడిచాయి. దాదాపు 765 సంవత్సరాల కిందట కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక శాల! మా ఇంటావిడకు ఈ సంగతి చదివి వినిపిస్తే యుద్ధాల కథలన్నీ పక్కన పెట్టి ముందు ఇదే రాయమన్నది. ఆ శాసనంలో అక్కడ పనిచేసేవారి జాబితా కూడా ఉంది. పాఠాలు చెప్పేవారు, పాడేవారు, వాయించేవారు, వీరితో పాటు ఒక వైద్యుడు, లెక్కలు రాసే ఒక ఉద్యోగి. జీతాలకు బదులు వారికి భూమి ఏర్పాటు చేశారు. లెక్కలు రాసేవాడి పోస్టు కూడా మరచిపోకుండా మంజూరు చేసినందుకు నేను ఆ రాతికి మనసులో దండం పెట్టుకున్నాను. 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తున్నది ఆ వెలగపూడిలోనే. రాష్ట్ర విభజనలో అటు వెళ్లిన మన మిత్రులు కొందరు రుద్రమదేవి దానమిచ్చిన ఊళ్లో సంతకాలు పెట్టి రిటైరయ్యారన్నమాట.

తరువాత రోజులు మంచివి కావు. 1260ల తొలినాళ్లలో నెల్లూరు దగ్గర ముత్తుకూరు యుద్ధంలో పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుని చేతిలో కాకతీయ సైన్యం ఓడిపోయింది. దక్షిణాన నెల్లూరు సీమ చేజారింది. వృద్ధుడైన గణపతిదేవుడు పాలన నుండి తప్పుకొని కూతురికి అప్పగించాడు. అయినా 1269 నాటి దుర్గి శాసనంలో ఆమెను పట్టోద్ధృతి అనే పేర్కొన్నారు. అంటే పట్టానికి ఎంపికైనది, పట్టాభిషేకం ఇంకా కానిది. మన భాషలో ఇన్‌ఛార్జి అనుకోండి. కుర్చీలో కూర్చుని పని అంతా చేస్తూ, బాధ్యత అంతా మోస్తూ, ఆర్డరు మాత్రం చేతికి రాకుండా ఏడేళ్లు గడిపింది. తండ్రి కాలం చేసిన తరువాతనే పూర్తి పట్టాభిషేకం జరిగిందని చరిత్రకారులు నిర్ణయించారు.

ఆడది రాజ్యం చేయడమేమిటని సామంతులు ఎదురు తిరిగిన మాట నిజమే. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే దాయాదులు ఓరుగల్లును ఆక్రమించారని, ఆమె వారిని శిక్షించిందని ప్రతాపచరిత్ర చెబుతుంది. అది చాలా కాలం తరువాత రాసిన గ్రంథం. ఆ ఇద్దరి పేర్లు శాసనాలలో దొరకవు కాబట్టి నా వినతిపత్రంలో ఆ కథ చేర్చలేదు. మనందరం అడవి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి, నోరి నరసింహశాస్త్రి గారి రుద్రమదేవి చదివి పెరిగినవాళ్లం. పిల్లలు 2015లో వచ్చిన సినిమా చూశారు. నవల నవలే, సినిమా సినిమాయే. ఫైలులోకి మాత్రం కాగితం ఉన్నదే పోవాలి. కాగితం ఉన్న పేర్లు వేరే ఉన్నాయి. రేచెర్ల ప్రసాదిత్యుడు ఆమె పక్షాన నిలిచి కాకతిరాజ్య స్థాపనాచార్యుడనే బిరుదు పొందాడు. కాయస్థ వంశం జన్నిగదేవుడు దక్షిణ సీమను కాపాడాడు. రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టవలసి వచ్చిందంటేనే అది ఎంతగా కదిలిపోయిందో ఊహించుకోవచ్చు.

పడమటి నుండి దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. ఈ యుద్ధానికి రెండు రకాల నివేదికలున్నాయి. యాదవుల మంత్రి హేమాద్రి రాసినదాని ప్రకారం మహాదేవుడు ఏనుగులను పట్టుకుని, స్త్రీ అన్న కారణంతో ఆంధ్ర రాణిని చంపకుండా వదిలేశాడు. ప్రతాపచరిత్ర ప్రకారమైతే రుద్రమ అతణ్ణి దేవగిరి దాకా తరిమి కోటి బంగారు నాణేలు కప్పం తీసుకుంది. ఓడినవాడు తాను ఓడానని రాసుకోడు కదా. మరి ఏది నమ్మాలి? నేనైతే రాళ్లను, నాణేలను నమ్ముతాను. యాదవుల ఏలుబడిలోని బీదరు కోటలో రుద్రమదేవి శాసనం ఉంది. అందులో ఆమెకు రాయగజకేసరి అనే బిరుదు ఉంది. శత్రురాజులనే ఏనుగులకు సింహం అని దాని అర్థం. అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు తాలూకా రాచపట్నంలో యాదవుల బంగారు నాణేల నిధి బయటపడింది. దేవగిరి నాణేలు కొల్లేటి ఒడ్డుకు ఊరికే నడిచి రావు. కోటి మాట అతిశయోక్తి కావచ్చును గాని, హేమాద్రి చెప్పినట్లు దయతో వదిలిపెట్టబడిన రాణి మాత్రం బీదరులో శాసనం వేయించలేదు.

యుద్ధం ముగిశాక ఆమె ఓరుగల్లు కోట పని పట్టుకుంది. తండ్రి మొదలుపెట్టిన రాతిగోడను ఇరవై అడుగుల ఎత్తు వరకు లేపించింది. దాని చుట్టూ సుమారు ఒకటిన్నర మైలు వ్యాసంతో మట్టికోట, దాని వెలుపల నూట యాభై అడుగుల వెడల్పున అగడ్త కట్టించింది. ఖిలా వరంగల్ వెళ్లేవాళ్లు నాలుగు తోరణాల దగ్గర ఫొటోలు దిగి తిరిగి వచ్చేస్తారు. కాస్త ఓపిక చేసుకుని మట్టికోట కూడా చూడండి. ఆ తరువాత ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లుకు ఒకసారి కాదు, పలుమార్లు రావలసి వచ్చింది. 1323 దాకా కోట నిలిచిందంటే ఆ మట్టి పనికి కూడా అందులో భాగం ఉంది.

రాణి కీర్తి సముద్రం దాటిన సంగతి పాఠ్యపుస్తకాలలో మనమంతా చదివినదే. వెనిస్ నగరపు వర్తకుడు మార్కోపోలో మోటుపల్లి రేవును గురించి రాస్తూ, ఈ దేశాన్ని ఒక వితంతు రాణి న్యాయంగా పాలించిందని, ఇక్కడి వజ్రాలకు, సన్నని వస్త్రాలకు సాటి లేదని మెచ్చుకున్నాడు. ఆమె నలభై సంవత్సరాలు పాలించిందన్న లెక్క మాత్రం తప్పు. రేవులో విన్న మాట రాసుకుని ఉంటాడు.

ఇప్పుడు బొమ్మ సంగతి. వెండి నాణెం వేస్తే ఒకవైపు నాలుగు సింహాలు, రెండవవైపు ఆమె ముఖం ఉండాలని అందరూ అన్నారు. ఏ ముఖం? కాకతీయుల బంగారు నాణేలపై వరాహమో, సింహమో, బిరుదు అక్షరాలో ఉంటాయి. రాజుల ముఖాలుండవు. శాసనాలలో గద్యాణాలు, మాడలు, రూకలు, చిన్నాలు అని లెక్కలే గాని రాణి పోలిక ఎక్కడా లేదు. 1980లలో ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టిన విగ్రహం శిల్పి ఊహ. సినిమా పోస్టరు చూసి గీసిన బొమ్మ నాణెంపైకి ఎక్కుతుందేమోనని నాకు నిజంగానే భయం. నా మట్టుకు నేను ఒక సూచన రాశాను. ఓరుగల్లు స్వయంభూ దేవాలయ మండపపు శిల్పాలలో సింహం మీద కూర్చున్న ఒక స్త్రీమూర్తి ఉంది. చేతుల్లో కత్తి, డాలు. పక్కనే తొండంతో తామరపువ్వు పట్టిన ఏనుగు. రాయగజకేసరి బిరుదును ఆమె కాలపు శిల్పులే బొమ్మ కట్టారని చరిత్రకారుల అభిప్రాయం. ముఖం పోలిక తెలియకపోయినా ఆమె ఏలుబడిలో పనిచేసిన చెయ్యి చెక్కిన రూపం అది. నాణేనికి అంతకంటె తగిన బొమ్మ లేదు. ముఖం స్పష్టంగా ఉండదని ఇద్దరు మిత్రులు ఒప్పుకోలేదు. నేను కూడా వెనక్కి తగ్గలేదు. ఆ పేరా అలాగే ఉంచాను.

చివరి గడి మరణించిన తేదీ. చాలా కాలం పుస్తకాలలో రుద్రమదేవి 1295 వరకో, 1296 వరకో పాలించిందని, మనుమడికి రాజ్యం అప్పగించి ముసలితనంలో ప్రశాంతంగా కన్నుమూసిందని రాశారు. మనం పరీక్షలలో రాసిన జవాబు కూడా అదే. ఈ తేదీని మార్చింది ఏ రాజూ, ఏ కవీ కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. 1289 నవంబరు నెలలో ఆ ఊరి సోమనాథ దేవునికి పువ్వుల ముమ్మడి కొంత భూమి దానం చేసి రాయి వేయించాడు. దానం ఎందుకు చేశాడో కూడా చెక్కించాడు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరినందున, వారికి పుణ్యంగా. అంతే. యుద్ధం పేరు లేదు, శత్రువు పేరు లేదు, పొగడ్తలు లేవు. రాష్ట్ర పురావస్తు శాఖలో పనిచేసిన డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు 1978లో వెలువడిన తమ కాకతీయ చరిత్ర గ్రంథంలో ఈ శాసనాన్ని ఆధారం చేసుకుని, రాణి పాలన 1289లోనే ముగిసిందని నిర్ధారించారు. ఒక్క చిన్న రాయి ఆరేడు సంవత్సరాల పాలనను పుస్తకాల నుండి తీసివేసింది. ఆయన కూడా మన వంటి ప్రభుత్వోద్యోగే అని సభ్యులు గమనించాలి.

ఆ రాతిలో నన్ను ఆపిన సంగతి మరొకటి ఉంది. రాణి, సేనాని, ఇద్దరి పేర్లూ కలిపి ఉన్నాయి. అనారోగ్యంతో అంతఃపురంలో పోయిన రాణి పక్కన సేనాని పేరు చేరదు. ఇద్దరూ ఒకే పోరులో పడిపోయి ఉండాలని పండితులు భావిస్తున్నారు. ఎవరితో పోరు? కాయస్థ అంబదేవునితో అన్నది వారి ఊహ. విధేయుడైన జన్నిగదేవుని తమ్ముడే ఇతడు. 1272లో పదవికి వచ్చి క్రమంగా కాకతీయుల మాట కాదని స్వతంత్రుడయ్యాడు. 1290లో త్రిపురాంతకంలో పెద్ద శాసనం వేయించి తాను గెలిచిన రాజులను వరుసగా చెప్పుకున్నాడు. కాకతీయ పాలకునికి రాజ్యాంగాలు ఏడూ లేకుండా చేశానన్న గొప్ప కూడా అందులో ఉంది. చందుపట్ల రాయి తరువాతి ఏడాదే ఈ గొప్ప చెక్కారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పండితుల ఊహ సరిగ్గానే తోస్తుంది.

లెక్క చూడండి. 1260లలో పాలన చేపట్టేనాటికే ఆమెకు పెళ్లి అయింది, పిల్లలున్నారు. 1289 నాటికి రాజ్యాన్ని అందుకోదగిన మనుమడు ఉన్నాడు. అంటే మన వయసుకు దగ్గరగా వచ్చిన మనిషి. సేనానులను పంపి ఓరుగల్లులో కూర్చోవచ్చు. సైన్యంతో పాటు తాను కూడా వెళ్లింది. చిన్న వయసులో గుర్రం ఎక్కిన యువరాణి బొమ్మనే అందరూ గీస్తారు. నాకు మాత్రం చందుపట్ల దారిలో నడిచిన ఆ పెద్దావిడే కళ్ల ముందు కనిపిస్తుంది.

వినతిపత్రంలో జయంతి గడి ఖాళీగా వదిలి, మరణించిన సంవత్సరం గడిలో 1289 అని రాసి, ఆధారం దగ్గర చందుపట్ల శాసనం, పువ్వుల ముమ్మడి అని చేర్చాను. జయంతి తెలియని మనిషికి వర్ధంతి లెక్కన అయినా నాణెం వేయవచ్చు. 750 సంవత్సరాలు నిండేది 2039లో. అప్పటికి నాకు తొంభై. అంతదాకా ఆగకుండా ముందే వేయవలసిందని కూడా ఒక వాక్యం కలిపాను.

మనుమడు ప్రతాపరుద్రుడు గద్దెనెక్కగానే అంబదేవుని మీదికి సైన్యం పంపాడు. 1291లో త్రిపురాంతకం మీదుగా నడిచిన ఆ దండుకు నాయకత్వం వహించినవాడు ఇందులూరి అన్నయ, రుద్రమదేవి అల్లుడు. అంబదేవుడు ఓడిపోయాడు, త్రిపురాంతకం మళ్లీ కాకతీయుల చేతికి వచ్చింది. మల్లికార్జున నాయకుని గురించి, పువ్వుల ముమ్మడి గురించి చందుపట్ల రాయి చెప్పినదే మనకు మిగిలింది.